కంచె దగ్గర ఆగిన గీత

2022 నవంబర్. దేశం వదిలి వచ్చి ఇర్వింగ్‌లో ఓ చిన్న మ్యాపింగ్ కంపెనీలో పని చేస్తున్నాను. వేటకు భూమి ఉన్నవాళ్లకు, జింకలు ఏ దారిన తిరుగుతాయో డిజిటల్ మ్యాప్ గీసి ఇవ్వడం మా పనుల్లో ఒకటి. చెట్లకు కట్టిన ట్రెయిల్ కెమెరాలు ఏ జింక ఎప్పుడు ఎక్కడ కనబడిందో చెబుతాయి. ఆ చుక్కలను వాగులు, వాలు, పొదలతో కలిపి చూస్తే వాటి నడకదారి తేలుతుంది. దాన్ని కారిడార్ అంటాం.

మా దగ్గర మ్యాప్ చేయించుకున్న సుధాకరన్నది నిజామాబాద్. పాతికేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేసి, ఇక్కడికి రెండు గంటల దూరంలో రాంచ్, అంటే కంచె వేసిన పెద్ద బీడు భూమి, కొన్నాడు. వేటకు కొత్త. మ్యాప్ రేటు తేలడానికి మా ఇద్దరికీ అరగంట పట్టింది. నేను తెనాలిలో కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని, ఆ మాట బేరంలో ఆయనతోనూ అన్నాను. మా ఇంట్లో రేటు తగ్గించరు, సరుకు తగ్గిస్తారు. ఆయన బేరానికి సరిపోయేలా, చుట్టుపక్కల భూములతో సహా సిద్ధమైన మ్యాప్‌ను ఆయన కంచె వరకే ఉంచి మిగతాది కత్తిరించి పంపాను. మా పనిలో దీన్ని క్లిప్ చేయడం అంటారు. గెలిచానని ఆ రోజంతా మురిసిపోయాను కూడా.

వేట సీజన్ మొదలయ్యాక ఓ శనివారం, పొద్దున పది గంటలకు ఆయన ఫోన్.

"చెల్లె, పొద్దుగాల ఏడింటికి జింకను కొట్టిన. గురి తప్పి పొట్టల తాకింది. నెత్తురు జాడ చెరువు దాటినంక పోయింది. అంతా దేవులాడిన, దొరుకుతలేదు."

"కంచె అవతల చూశారా అన్నా?"

"నీ గీత కంచె కాడనే ఆగిపాయె గదా. అటు పోదనుకున్న."

అసలు మ్యాప్ తెరిచాను. గీత ఆగలేదు. కంచె దాటి పక్కవాళ్ల వాగులోకి, సీడర్ చెట్ల పొదల్లోకి పోయింది.

"అటే పోతాయి అన్నా. మీ రేటుకి నేనే ఆ ముక్క కోసేశాను."

"కొట్టు బుద్ధి పోనిచ్చుకోలే," అన్నాడు.

"తర్వాత తిట్టండి. ముందు పక్కాయనకు ఫోన్ చేయండి. ఆయన పర్మిషన్ లేకుండా కంచె దాటకూడదు."

పక్కాయన ఫోన్ ఎత్తేసరికి పదకొండు దాటింది. సుధాకరన్న కంచె దాటాడు. నేను ఆయన లొకేషన్ చూస్తూ, ఎడమకు, ఇంకా కిందికి అంటూ లైన్‌లోనే ఉన్నాను.

పన్నెండు కావస్తుండగా, "దొరికింది," అన్నాడు గుసగుసగా.

"బతికుందా?"

"నా దిక్కే చూస్తుంది చెల్లె."

తుపాకీ చప్పుడు వినబడింది.

"ఐదు గంటలు గోస పడ్డది," అన్నాడు. తన గురినే తిట్టుకున్నాడు. నన్ను ఇంకేమీ అనలేదు. ఆ ఐదు గంటల్లో నా వల్ల అయినవెన్నో ఆయన అడగకపోయినా నాకు తెలుసు.

బేరాలు ఇప్పటికీ ఆడతాను. ప్రింట్ సైజు మీద, గడువు మీద, ఎన్నిసార్లు మార్చి ఇవ్వాలన్న దాని మీద. కంచె బయట అరమైలు దాకా దారులు మాత్రం అడక్కుండానే గీసి ఇస్తాను, పక్క భూమివాళ్ల పర్మిషన్ సీజన్‌కు ముందే తీసుకోమని పైన రాసి మరీ. నా మ్యాప్‌లో తక్కువ తూచితే ముందు నొప్పి పడేది బిల్లు కట్టే మనిషి కాదు.