శేషారత్నం గారు అచ్చు కానివ్వని తప్పు

గత మంగళవారం ఉదయం రాజమండ్రి నుంచి ఫోన్ వచ్చింది. "అక్క వెళ్ళిపోయిందండి" అని శేషారత్నం గారి చెల్లెలు చెప్పారు. దశాబ్దాలపాటు అక్కడి కళాశాలలో భౌతికశాస్త్రం బోధించిన ఆ విదుషీమణి ఇక లేరన్న సత్యాన్ని మనస్సు ఇంకా అంగీకరించడం లేదు.

నేను పెనుగొండ బట్టల కొట్టువారి అబ్బాయిని. ఆ కళాశాలలోనే డిగ్రీ చదివాను. ప్రయోగశాలలో ఒకనాడు నా అయస్కాంత సూచి ఎంతకీ ఉత్తరానికి నిలవలేదు. పరికరం పాడైందన్నాను. మేడం గారు నా జేబు వైపు చూసి, "ముందు ఆ కొట్టు తాళాలు అవతల పెట్టి రండి బాబూ. తర్వాత పరికరాన్ని తిడుదురుగాని" అన్నారు. విద్యార్థులను సైతం 'మీరు' అని మన్నించడం ఆమె సంస్కారం.

అనంతరం నేను పరిశోధకుణ్ణయ్యాను. ఒక గ్రహాన్ని చుడుతున్న వ్యోమనౌక పంపే అయస్కాంత క్షేత్రపు కొలతలను శుద్ధి చేయడం మా పని. నౌకలోని తీగలు, మోటార్లు, హీటర్లు తమ సొంత అయస్కాంతత్వాన్ని ఆ కొలతల్లో కలిపేస్తాయి. దాన్ని తీసేస్తే తప్ప గ్రహానిదేదో తేలదు. ఒక ప్రాంతం మీదుగా నౌక వెళ్ళినప్పుడల్లా క్షేత్రం హఠాత్తుగా పెరిగేది. అక్కడి శిలల్లో బలమైన అయస్కాంతత్వం ఉందని వ్యాసం రాసి పరిశోధన పత్రికకు పంపాను. ఆ గర్వంతోనే సెలవుకు వచ్చి, మేడం గారికి గ్రాఫులు చూపించాను.

ఆమె కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. "గ్రాఫులో ఈ మెట్లు ఇంత నిటారుగా ఉన్నాయేంటండి? ఆ క్షణాన నౌకలో ఏం ఆన్ చేశారో చూశారా?"

"మా వాళ్ళు చూశారండి."

"మీరు?"

చూడలేదు. తిరిగి వెళ్ళి హీటర్ల పట్టికతో సరిపోల్చాను. ఆ ప్రాంతం మీద నౌక గ్రహపు నీడలోకి వెళ్ళి చల్లబడేది. వెంటనే హీటరు ఆన్ అయ్యేది. ప్రతి మెట్టూ సరిగ్గా ఆ క్షణానిదే!

ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను. "వ్యాసం వెనక్కి తీసుకుంటే నా పేరు పోతుందండి" అన్నాను.

"పేరు మళ్ళీ తెచ్చుకోవచ్చు బాబూ. తప్పు అచ్చయితే, మీ తర్వాత వచ్చే పిల్లలు దాని మీదే లెక్కలు కట్టుకుంటారు. వాళ్ళేం పాపం చేశారండి?"

మర్నాడే మా పరిశోధనశాల అధిపతి ఎదుట నిలబడ్డాను. "ఇప్పుడా చెప్పేది?" అని ఆయన మండిపడ్డారు. వ్యాసం వెనక్కి వచ్చింది.

నౌక నుంచి బయటికి చాచిన పొడవాటి కడ్డీ మీద రెండు సెన్సర్లు ఉండేవి. నౌక ప్రభావం దగ్గరి దానిపై ఎక్కువ, దూరపు దానిపై తక్కువ. గ్రహ ప్రభావం రెండింటిపైనా ఇంచుమించు సమానం. ఆ తేడాను పట్టుకుని నౌక వాటాను తీసేయడానికి ఏడాది పైనే పట్టింది. అంతకాలమూ మేడం గారు నా లెక్కలను తానూ చేసి, తేడా వచ్చిన చోట ఎర్రసిరాతో సున్నా చుట్టి పోస్టులో పంపేవారు.

చివరికి అచ్చయిన వ్యాసం తీసుకెళ్ళి, "మిగిలింది చాలా కొంచెమండి" అన్నాను. "కొంచెమైనా అది ఆ గ్రహానిదే కదండీ!" అని పసిపిల్లలా సంబరపడి, చెల్లెలిని కేకేసి కాఫీ పెట్టించారు. వ్యాసం చివర కృతజ్ఞతల్లో తన పేరు చూసి మాత్రం కాస్త కోప్పడ్డారు.

నా లెక్క తప్పని నాతోనే, అంత మర్యాదగా చెప్పే మనిషి ఇక లేరు. ఆ లోటు తీరేది కాదు. నేను నిర్భయంగా తప్పు ఒప్పుకోగలిగిన ప్రతిసారీ ఆ ప్రాతఃస్మరణీయురాలికి మనసులో నమస్కరిస్తూనే ఉన్నాను.

మొన్న నా దగ్గర పరిశోధన చేసే ఒకమ్మాయి, తన ఫలితం తప్పని తానే కనిపెట్టి, భయపడుతూ వచ్చి చెప్పింది. కూర్చోబెట్టి మేడం గారి సంగతంతా చెప్పాను. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని, "ఆవిడని ఒకసారి చూడాలనుందండి. ఎక్కడుంటారు?" అని అడిగింది.

"మంగళవారమే వెళ్ళిపోయారమ్మా" అని, మేడం గారు ఎర్రసిరాతో సున్నాలు చుట్టిన ఆ పాత కాగితాలు తీసి ఆమె ముందు పెట్టాను.