సాగుతుందని తగ్గించిన కొలత

ఆ వంటింట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఇద్దరూ పొయ్యితో మాట్లాడతారు.

"కొందరి చేతికి కత్తెర దొరికితే చాలు, అన్నం కూడా కత్తిరించేస్తారు" అని అత్త పొయ్యికి చెబుతుంది.

"కొందరికి పెద్దరికం వచ్చింది గానీ మాట వినే చెవులు రాలేదు" అని కోడలు అదే పొయ్యికి చెబుతుంది.

పొయ్యి ఇద్దరి మాటా విని ఊరుకుంటుంది. ఆ ఇంట్లో ఇద్దరితోనూ మంచిగా ఉండగలిగింది అదొక్కటే.

కోడలు దర్జీ. ముందుగదిలో కిటికీ పక్కన ఆమె మిషను. బడిపిల్లల చొక్కాలు కుడుతుంది, ఆసుపత్రి ఆయమ్మల కోట్లు కుడుతుంది. పెళ్ళికి ముందు ఒక బట్టల దుకాణం వెనకగదిలో కుట్లు విప్పే పనికి కుదిరింది. ఎవరో తప్పుగా కుట్టినదాన్ని గుడ్డ చిరక్కుండా విప్పాలి, అంతే. అలా విప్పుతూ విప్పుతూ ఎక్కడ తప్పు జరుగుతుందో పట్టుకుంది, తర్వాత కుట్టడం నేర్చుకుంది. పరాయి చేతి పనిని అనుమానంగా చూడటం ఆమెకి అప్పుడే అబ్బింది. కూర తరిగేటప్పుడు కూడా మెడలో టేపు వేలాడుతూనే ఉంటుంది.

భర్త సరుకుల యార్డులో క్రేను నడుపుతాడు. ఆకాశంలో ఇనుప గదిలో కూర్చుని కిందివాళ్ళని చీమల్లా చూస్తాడు గనక యార్డులో అందరూ అతన్ని గద్ద అంటారు. ఇంటికొస్తే మాత్రం గద్దకి రెక్కలుండవు. తల్లి ఏమంటే దానికి "సరే అమ్మా", పెళ్ళాం ఏమంటే దానికి "అలాగేలే".

అతనికి చక్కెర జబ్బు. చాలాకాలం మాత్రలతో నెట్టుకొచ్చాడు. ఈమధ్యే డాక్టరు మాత్రలతో లాభంలేదని రోజూ సూది రాశాడు. ఆరోజు వెంట వెళ్ళింది కోడలే. నర్సు కంచం బొమ్మ గీసి చూపించింది. సగం కూరగాయలు, పావు వంతు పప్పో గుడ్డో, పావు వంతు అన్నం. చివర్లో ఇంకో మాట కూడా చెప్పింది.

"ఇదిగో అమ్మా, సూది మొదలెట్టాక తిండి మరీ తగ్గకూడదు. చక్కెర ఎక్కువైతే నెమ్మదిగా తినేస్తుంది, తక్కువైతే నిలబడ్డ మనిషిని నిలబడ్డట్టే పడగొడుతుంది. చెమటలు పట్టినా, వణికినా, మాట తేడాగా వచ్చినా వెంటనే పంచదార పెట్టండి."

కోడలు తల ఊపింది. కంచం బొమ్మ బుర్రకెక్కింది. రెండో మాట చెవిదాకా వచ్చి అక్కడే ఆగింది. ఇన్నేళ్ళూ ఎక్కువైందన్న మాటే విన్న ఇల్లది. తక్కువవడం కూడా జబ్బేనంటే ఎవరి మనసుకీ పట్టదు.

ఇంటికొచ్చి స్టీలు కంచం మీద మేకుతో గీతలు గీసింది. క్యారేజీ గిన్నెల లోపల కూడా గీసింది. అత్త గుమ్మంలో నిలబడి చూసింది.

"కంచానికి కొలతలు తీస్తున్నారు! ఇక నా కొడుక్కి చొక్కా బదులు కంచం తొడుగుతారు కాబోలు" అంది పొయ్యితో.

మొదటి వారంలోనే క్యారేజీ అడుగున నూనె మరక కనబడింది. కోడలు ఆ రోజు నూనెలో ఏదీ వేయించలేదు. మొగుణ్ణి పట్టుకుని నిలదీస్తే, అన్నం కింద బంగాళాదుంప వేపుడు వచ్చిందని ఒప్పుకున్నాడు. "అమ్మ పెట్టింది, పారేయమంటావా?" అన్నాడు. ఏమన్నా అంటే గొడవ. గొడవైతే మనిషి అన్నం మానేసి పనికి పోతాడు.

ఆమె తన పద్ధతిలో ఆలోచించింది. సాగే గుడ్డని కొలతకి సరిగ్గా కత్తిరిస్తే వేసుకున్న వారానికే వదులైపోతుంది. అందుకే సాగుతుందని ముందే లెక్కేసి కొంచెం తగ్గించి కత్తిరించాలి. అత్త చెయ్యి కూడా సాగే గుడ్డే. ఆవిడ ఎలాగూ రెండు గరిటెలు కలుపుతుంది కాబట్టి, గీతకి బాగా కిందనే అన్నం ఆపితే సరి. మర్నాటినుంచి అలాగే చేసింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే కొలత పాడవుతుంది.

ఆ తర్వాత అత్త తన తమ్ముణ్ణి చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళొచ్చింది. ఆయనదీ అదే జబ్బు. పాదంలో పుండు పడి కాలు మోకాలి కిందికి తీసేశారు. వచ్చాక ఆవిడ మాట తగ్గింది, పొయ్యితో కూడా. ఆ వారంలోనే వంటింట్లో పంచదార డబ్బా మాయమైంది. కోడలు పెదవి బిగించింది. 'అంటే ఇప్పుడు కొడుక్కి తీపి కూడా చాటుగా తినిపిస్తోందన్నమాట' అనుకుని, మర్నాడు అన్నం ఇంకో వేలు వెడల్పు తగ్గించింది.

మొగుడు చిక్కిపోతున్నాడు. చిక్కితే మంచిదేనని ఇరుగుపొరుగు అన్నారు. పక్కమీద చెమటతో తడిసి లేస్తున్నాడు. ఉక్కపోత అనుకున్నారు. ఊరికే కసురుకుంటున్నాడు. క్రేను పని అలాంటిదన్నారు. "సరిపోతోందా అన్నం?" అని ఆమె అడిగితే "సరిపోయింది" అనేవాడు. తల్లి అడిగినా అదే మాట. ఆకలి అని ఒక్కసారి నోరు జారితే ఇద్దరూ కలిసి తనమీద పడతారని అతనికి తెలుసు. మనిషిని అమితంగా ప్రేమించేవాళ్ళు ఇద్దరు ఒకే ఇంట్లో ఉంటే వాడు పస్తులుండక తప్పేట్టు లేదు.

ఆ రోజు పొద్దున అతను చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. ఆమె సరిచెయ్యబోతే చెయ్యి విదిలించాడు. "నేనేమన్నా నీ బొమ్మనా?" అని అరిచాడు. అరిచినవాడు వెంటనే నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి నచ్చలేదు. క్యారేజీ పట్టుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం దాటాక ఆమె తడిపిన గుడ్డ ఆరేయడానికి మేడమీదికి వెళ్ళింది. పిట్టగోడ మీద పావురాలు మూగి ఉన్నాయి. గోడ మీద అన్నం. అత్త పాచిపోయింది వేసి ఉంటుందిలే అనుకుని గుడ్డ దులిపింది. పావురాలు లేచాయి. అన్నం మధ్య ఎర్రగా, దారాల్లాగా, సన్నటి క్యారెట్ ముక్కలు కనిపించాయి.

అంత సన్నగా తరిగేది ఆమే. పొద్దున తరిగింది మొగుడి క్యారేజీకి మాత్రమే.

ఆమె చేతిలో గుడ్డ అలాగే నేలమీద పడింది. మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు.

"అత్తయ్యా! గోడమీద అన్నం ఎక్కడిది?"

ఎన్నాళ్ళకో సూటిగా వచ్చిన మాట. అత్త అలవాటుకొద్దీ పొయ్యివైపు తిరిగింది. "ఎవరో ఏదో అడుగుతున్నారు..."

"పొయ్యికి కాదు, నాకు చెప్పండి! ఆయన క్యారేజీలోది తీశారా?"

"తీశాను! రోజూ తీస్తున్నాను. ఏం చేస్తావు?" అంది అత్త. "వాడు తిని తిని కాలు పోగొట్టుకోవాలా? మా తమ్ముణ్ణి చూశావా నువ్వు? దుప్పటి కింద ఒక పక్క ఖాళీగా ఉంది. నువ్వు చూస్తే గీతలు గీసి గీసి గిన్నెడు కుక్కి పంపుతున్నావు..."

"ఎంత తీశారు?"

"సగం."

"నేను పెట్టిందే సగం."

వంటింట్లో కుక్కరు ఒక్కసారి కూత పెట్టి ఆగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నర్సు రెండో మాట కోడలికి అప్పుడు వినిపించింది. చెమటలు. వణుకు. పొద్దుటి నవ్వు.

ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. పైకెక్కేముందు ఫోన్లన్నీ కింద బీరువాలో పెట్టాలని యార్డులో రూలు.

"పంచదార డబ్బా ఎక్కడ దాచారు? త్వరగా!"

"దాచడమేంటి? పారబోశాను. ఇంట్లో ఉంటే వాడు తింటాడని."

ఆటోలో ఇద్దరూ కూర్చున్నారు. అత్త కాలికి ఒకే చెప్పు ఉంది. "నాతో ఒక్క ముక్క చెప్పి ఉంటే ఏం పోయేది?" అంది కోడలు. "చెప్తే నువ్వు గెలిచినట్టేగా" అంది అత్త. అని, కొంగు నోట్లో కుక్కుకుంది. ఆటో అతను అద్దంలో చూసి, ఏమీ అడక్కుండా సందుల్లోంచి పోనిచ్చాడు.

యార్డు గేటు పక్కన టీ బడ్డీ ఉంది. కోడలు పోయి పంచదార సీసా ఎత్తుకుంది. "ఓ అమ్మా, ఏంటిది!" అని బడ్డీవాడు లేచాడు. "గద్దకి చక్కెర పడిపోయింది" అంటే వాడే సీసా లాక్కుని, నీళ్ళ బాటిల్లో సగందాకా పంచదార పోసి గిలక్కొట్టి ఇచ్చాడు. కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. అత్త ఆ చెయ్యి కిందనుంచి దూరి వెళ్ళిపోయింది, వెనకే కోడలూ.

లోపల పని ఆగిపోయి ఉంది. జనం దూరంగా జరిగి పైకి చూస్తున్నారు. ఇనుప దూలాల కట్ట గాల్లో ఊగుతోంది. కింద ఈల మామ ఈల వేస్తున్నాడు. క్రేనుకి దారి చూపించేది ఆయనే, ఏళ్ళ తరబడి గద్ద ఆయన ఈలకే తిరిగాడు. దించమని ఊదితే కట్ట ఎడమకి పోయింది. ఆపమని ఊదితే ఇంకా ఎడమకి పోయింది. తర్వాత ఆగింది. పైన గది అద్దం వెనక ఒక తల ముందుకి వాలి కనిపించింది.

మేస్త్రీ ఎదురొచ్చాడు. "మీ ఆయన పొద్దున్నే తాగొచ్చాడా ఏంటి?"

"నా కొడుకు టీ కూడా పంచదార లేకుండా తాగుతాడయ్యా!" అని అత్త అరిచింది. అరిచి, తను ఏమందో తనకే అర్థమై అక్కడే కూలబడింది.

కోడలు బాటిల్ ఈల మామ చేతిలో పెట్టింది. "మామా, చక్కెర తగ్గిపోయింది. పిలిస్తే పలికితేనే కొంచెం కొంచెంగా తాగించు. పలక్కపోతే నోట్లో పొయ్యకు, అంబులెన్స్ కావాలి. కిందికి మాత్రం దింపకు, నిచ్చెన మీద జారతాడు."

ఈల మామ బాటిల్ చొక్కాలో వేసుకుని ఇనుప నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాడు. ఆయనకీ వయసైంది, సగం ఎక్కి ఆగాడు. మళ్ళీ ఎక్కాడు. గది తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత కిందికి ఏమీ కనబడలేదు.

ఇనుప కట్ట గాలికి మెల్లిగా తిరుగుతోంది. కోడలు మెడలోని టేపు చేతికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. అత్త ఆమె చీర కుచ్చెళ్ళు పట్టుకుంది. వదలమని ఆమె అనలేదు.

ఎంతసేపైందో. పైనుంచి ఈల వినిపించింది. చిన్నగా, ఒక్కసారి. పలికాడన్నమాట. ఆమె అత్త పక్కనే చతికిలబడింది.

చాలాసేపటికి కట్ట కదిలింది. అటూ ఇటూ పోకుండా నిలువునా దిగి చెక్కల మీద కూర్చుంది. ఇంకా చాలాసేపటికి గద్ద దిగాడు, ఈల మామ ఒక్కో మెట్టుకీ అతని మడమ పట్టుకుని పెడుతుంటే. చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. గుండీలు ఇంకా ఎగుడుదిగుడుగానే ఉన్నాయి. తల్లినీ పెళ్ళాన్నీ ఒకేచోట చూసి బిత్తరపోయాడు.

"ఏంటి, ఇద్దరూ కలిసి వచ్చారు? ఎవరు పోయారు?"

ఎవరూ నవ్వలేదు. "ఆకలేస్తోందని ఎందుకు చెప్పలేదురా?" అంది తల్లి.

"చెప్తే మీ ఇద్దరూ నన్ను బతకనిచ్చేవాళ్ళా?" అన్నాడు.

డాక్టరు రాసిచ్చేదాకా క్రేను ఎక్కనివ్వనని మేస్త్రీ అక్కడే చెప్పేశాడు. మనిషిమీద కోపంతో కాదు, దూలాల కింద ఎవరైనా ఉంటే ఏమయ్యేదన్న భయంతో. డాక్టరు సూది మందు మార్చాడు గానీ వెంటనే రాసివ్వలేదు. గద్ద ఇప్పుడు నేలమీద నిలబడి ఇంకొకడు నడిపే క్రేనుకి ఈల ఊదుతున్నాడు. ఇంటికొస్తే మెడ నొప్పి అంటాడు. రోజంతా పైకే చూస్తాడు మరి.

కోడలు అతని చొక్కాలన్నిటికీ లోపలివైపు చిన్న జేబు కుట్టింది, పంచదార పొట్లం కోసం. ఆ పొట్లం కట్టేది అత్త.

వాళ్ళిద్దరికీ స్నేహం కుదిరిందనుకోవద్దు. పొయ్యి ఇప్పటికీ చాలా మాటలు వింటోంది. క్యారేజీ సర్దేటప్పుడు మాత్రం ఇద్దరూ గట్టు దగ్గర పక్కపక్కన నిలబడతారు.

"ఇదిగో అమ్మాయ్, గీతదాకా పెట్టాను. కళ్ళారా చూసుకో."

"చూశాను. మూత పెట్టండి అత్తయ్యా."

"నేను పెట్టను. నువ్వు పెట్టు, నేను చూస్తాను."

కోడలు మూత పెడుతుంది. అత్త ఆ చేతివంకే చూస్తుంది. వెనకనుంచి గద్ద చొక్కా వేసుకుంటూ కేక పెడతాడు.

"అయ్యాయా మీ కొలతలు? నాకు ఆకలేస్తోంది!"

ఇద్దరూ ఒక్కసారే వెనక్కి తిరుగుతారు.