అంగారకుడి మీద జీతమెంత

నిన్న మా మనుమరాలు ఫోను తెచ్చి నా ముందు పెట్టి, అంగారకుడి మీద మనుషులు ఎట్లా బతకాలో చెప్పే వీడియో ఒకటి చూపించింది. అక్కడ పీల్చే గాలి లేదట, వీపున మోసుకుపోవాలట, పైన తిరిగితే ఆకాశం నుంచి పడే కిరణాలు ఒంటిని తినేస్తాయి గనుక నేల కింద సొరంగాలు తవ్వుకొని, పగలూ రాత్రీ దీపాలు పెట్టుకొని ఉండాలట, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ఇక అంతే సంగతులట. పిల్ల నోరు తెరుచుకొని చూస్తోంది గానీ నాకు మాత్రం ఒళ్ళు మండింది. నన్ను కన్న మా బాపు బతుకంతా అక్కడే గడిచింది కదే పిచ్చిదానా అనుకున్నాను.

బెల్లంపల్లిలో పెరిగిన నా ఈడు వాళ్ళకు ఇది కొత్త కాదు. బొగ్గుబాయి సైరను కూతతో లేచి, ఆ కూతతోనే అన్నం తిని, ఆ కూత వేళ కాని వేళ వినిపిస్తే కింద ఏదో జరిగిందని చేతిలో పని వదిలేసి పరుగెత్తిన వాళ్ళం మేము. బాపు బాయిలో, అంటే భూమి కింది గనిలో, తొట్లలోకి బొగ్గు నింపేవాడు. నా ఆరో తరగతిలో సైన్సు సారు గ్రహాల పాఠం చెబుతూ, ఒకచోట గాలే లేదనీ, ఇంకొకచోట వేడికి సీసం కూడా కరిగిపోతుందనీ, భూమి తప్ప మరెక్కడా మనిషి బతకలేడనీ బల్ల గుద్ది చెబితే, నేను ఇంటికి పరుగెత్తుకొచ్చి, వాకిట్లో కూర్చొని మెడ మీది మసి కడుక్కుంటున్న బాపుకు అదంతా అప్పజెప్పాను. బాపు పకపకా నవ్వి, "గంతేనా బిడ్డా? ఆడ జీతమెంతిస్తరో మీ సారును అడిగి రా, రేపే పోత" అన్నాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది, ఎంతకూ ఆగలేదు, మేం అవ్వ అని పిలిచే అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి వీపు నిమిరింది.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ దగ్గే మా ఇంటికి పెద్ద అయింది. ఊపిరి ఉండగానే పైకి వచ్చెయ్యాలి, కాసేపు ఎండలో ఊరికే కూర్చోవాలి, ఇదొక్కటే బాపు కోరిక. అందుకు బొగ్గు కంపెనీ డాక్టర్లు పరీక్ష చేసి అన్‌ఫిట్ అనాలి, అప్పుడు ఆ పని కొడుక్కి వస్తుంది, ఫిట్ అంటే మళ్ళీ దిగవలసిందే. లోకంలో ఎక్కడైనా డాక్టరు నీకేం కాలేదంటే దండం పెట్టుకుంటారు, మా క్వార్టర్లలో ఏడ్చేవాళ్ళు. బాపు వెళ్ళిన మొదటిసారి ఫిట్ అన్నారు. రెండోసారి వెళ్ళే ముందు అవ్వ కొండగట్టు అంజన్నకు మొక్కుదామని కళ్ళు మూసుకొని, మొగుడి రొమ్ము చెడిపోయి ఉండాలని ఎట్లా మొక్కాలో తెలియక చేతులు జోడించి అట్లాగే నిలబడిపోయింది.

రెండోసారి అన్‌ఫిట్ అన్నారు. అప్పటికి బాపు వాకిట్లోంచి మంచం దాకా రావడానికి నడుమ ఒకసారి గోడ పట్టుకొని ఆగుతున్నాడు. అయినా మా ఇంట్లో ఆ రోజు పండుగే. పళ్ళెం నిండా లడ్డూలు పెట్టి, పైన గుడ్డ కప్పి నా చేతికిస్తే ఇంటింటికీ పంచి వచ్చాను. పక్కింటి చిన్నమ్మ లడ్డూ నోట్లో వేసుకొని, "మీ బాపుకు అన్‌ఫిట్ అయిపాయెనా? శానా మంచిగైంది బిడ్డా, మా ఇంటాయినకు ఎప్పుడైతదో" అంది. నేను తిరిగొచ్చేసరికి బాపు మంచం మీద కూర్చొని, నోట్లో పెట్టిన ముక్క మింగుడుపడక, "అందరి నోరు తీపైందిగని, నాకు జర నీళ్ళియ్యుండ్రి" అంటున్నాడు.

అన్న చదువు మానేసి అదే బాయిలో దిగాడు. బాపు ఎండలో కుర్చీ వేసుకొని కూర్చునేవాడు, అన్న బయలుదేరేటప్పుడు అందరిలా పోయిరా అనకుండా, పైకి రా బిడ్డా అనేవాడు. కోరిన ఎండ దొరికింది గానీ పీల్చడానికి రొమ్ములో ఏమీ మిగల్లేదు, ఆ ఎండాకాలం దాటకుండానే పోయాడు. నాకు ఇప్పటికీ కంపెనీ మీద కంటే ఆ లడ్డూల మీదే కోపం ఎక్కువ.

ఇప్పుడు బెల్లంపల్లిలో బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, మా క్వార్టరు గోడల్లో చెట్లు మొలిచాయి, అన్న వీపు కింద మూడు దిండ్లు పెట్టుకుంటే గానీ నిద్రపోలేడు. వీడియో చివర ఒక పెద్దమనిషి, మనిషిని అక్కడికి పంపడం కంటే క్షేమంగా వెనక్కి తేవడమే కష్టమనీ, అది తేలేదాకా ఎవరినీ పంపకూడదనీ ఎంతో దిగులుగా చెప్పాడు. మనుమరాలు నా వైపు తిరిగి, "అమ్మమ్మా, ఊపిరాడని జాగకు ఎవరన్న కోరి పోతరా?" అని అడిగింది. ఎందుకు పోరు? అక్కడికి పోయినవాడి కొడుక్కి నౌకరీ ఖాయమని ఒక్క మాట అనమనండి, ఈ రోజుకీ మా ఊళ్ళో వరస కడతారు, లడ్డూల పళ్ళెం పట్టుకొని తిరగడానికి ఇంటికొక ఆడపిల్ల కూడా దొరుకుతుంది.