భుజం మీద మిగిలిన చెయ్యి

వనపర్తి నుంచి గద్వాల వెళ్లే బస్సులో, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని ఒక బ్యాండు తొలి ఆల్బం ముఖచిత్రం దిద్దుతున్నాను. రాజోలి దగ్గర తుంగభద్ర ఇసుకలో నలుగురు కుర్రాళ్లు కలిసి దిగిన ఫొటో అది. తర్వాత గొడవపడి డప్పు వాయించేవాడు వెళ్లిపోయాడు. అతన్ని తీసేయమన్నారు, తీసేశాను. వాళ్ల తగాదాలు తీర్చడం నా పని కాదు.

పక్క సీట్లోని బురఖా వేసుకున్న పెద్దావిడ లాప్‌టాప్ తెరలోకి వంగి చూసింది.

"గీ పిలగాని భుజం మీద చెయ్యి ఎవరిది బిడ్డా?"

నిజమే. పాట పాడే అబ్బాయి భుజం మీద నాలుగు వేళ్లు మిగిలిపోయాయి.

"చూసుకోలే అమ్మా. ఇప్పుడే తుడిచేస్త."

"ఆ మనిషి లేడా?"

"ఉన్నడు. వీళ్లకు మాటల్లేవు."

ఆవిడ ఇంకాస్త దగ్గరగా చూసింది. "జర ఆగు. ఎట్ల ఒరిగిండో సూడు. చెయ్యి తీస్తె పిలగాడు పడిపోతడు."

పెబ్బేరులో ఆవిడ దిగిపోయింది. నేను చెరపలేకపోయాను. సాయంత్రం బొమ్మను ఆ వేళ్లతోనే బ్యాండువాళ్లకు పంపించాను.

పాడే అబ్బాయి ఫోన్ చేశాడు.

"అక్కా," అన్నాడు, "వాడున్న ఫొటో పారేయలే గద?"