నల్లరాళ్ల వెనక నీళ్లు

గట్టు దగ్గర మా తమ్ముడి చేను దిగువ అంచున నల్లరాళ్ల వరుస ఒకటి ఉంది. చుట్టూ ఎర్రటి గుండ్రటి బండలు. వాటి నడుమ ఈ నల్లది మాత్రం గీత గీసినట్టు కనుచూపు మేర పోతుంది. నేను నాగర్‌కర్నూల్లో కాలేజీ పిల్లలకు భూగోళం చెబుతాను. ఖండాలు పలకల మీద జరుగుతాయని, సాగినచోట నేల చీలి లోపల కరిగిన రాయి పైకి పొంగుతుందని, ఆఫ్రికాలో ఇప్పుడూ అదే జరుగుతోందని బోర్డు మీద బొమ్మ గీసి చూపిస్తాను. మా నల్లరాళ్లు కూడా ఎంతో పాతకాలంలో అలాంటి చీలికలోకి ఎగదన్ని చల్లారిన రాయే.

తమ్ముడు వేయించిన బోర్లన్నీ ఎండిపోయిన ఏడు, సెలవులకు వెళ్లి ఆ రాళ్ల దగ్గర వాణ్ని నిలబెట్టి చెప్పాను.

"గివి పైకి కనవడే రాళ్లే కాదురా. లోపలికి గోడ లెక్క దిగి ఉంటయి. మీదికెల్లి వచ్చే ఊట గా గోడకాడ ఆగుతది. రాళ్లకు మీది పక్క, జర దగ్గర్ల బోరు వెయ్యి."

నీళ్లు పడ్డాయి. తమ్ముడు తడిసిన అంగీతోనే వచ్చి, "అక్కా, నీ సదువు ఇయ్యాల అక్కరకొచ్చింది" అన్నాడు. మా ఇంట్లో నా చదువును ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. ఆ యాసంగి పంటగా వరి వేశాడు.

మా చేనుకు ఎగువన ఒక ఒంటరి ఆడమనిషి చేను. వరసకు ఏమీ కాకపోయినా ఆమెను చిన్నప్పటినుంచీ చిన్నమ్మ అనే పిలుస్తాను. పాత బావి నీళ్లతో వంకాయ, టమాట పండించి సంతకు తీసుకుపోయేది. మరుసటి ఎండాకాలం ఆ బావి అడుగు కనిపించింది. నేను వచ్చానని విని ఇంటికొచ్చింది.

"బిడ్డా, నీళ్లు యాడుంటయో నీకు ఎర్కనంట. నా చేన్ల గూడ జర సూపియ్యరాదు."

కాదనలేక వెంట వెళ్లాను. చూపించడానికి అక్కడ ఏమీ లేదని తెలిసీ చేనంతా తిరిగాను. ఆ రాతిగోడ వెనక ఆగినవి ఒకటే నీళ్లు, ఆమె బావికీ మా బోరుకీ. వాటిని మేం లోతునుంచి తోడుకుంటున్నాం. చివరికి బావి దగ్గర ఆగి చెప్పేశాను.

"చిన్నమ్మా, నీ బాయి నీళ్లే మా బోరుల వడుతున్నయి. జాగ సూపించింది నేనే."

ఆమె బావి ఒడ్డు మీద కూర్చుంది. లోపలికి చూస్తూ అడిగింది, "గిట్లయితదని అప్పుడు నీకు తెల్వదా?"

తెలియదని ఉంటే నమ్మేదే. కానీ తెలుసు. బోరు చోటు చూపించిన రోజు నా కళ్లకు తమ్ముడొక్కడే కనబడ్డాడు, ఎగువన ఉన్న ఈ బావి కనబడలేదు.

"తెల్సు" అన్నాను.

"మరి నాతోని ఒక్క మాటన్న అనకపోతివి" అంది. నెత్తిన కొంగు సర్దుకుని ఇంటికి వెళ్లిపోయింది.

ఇంతలా నీళ్లు తోడొద్దని తమ్ముడితో గొడవపడ్డాను. "అందరు తోడుతుండ్రు అక్కా, నేనొక్కన్ని ఆపితే ఏమయితది?" అన్నాడు. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత వరి మానేసి, నీళ్లు తక్కువ పట్టే పల్లి వేశాడు. మా బోరు నుంచి చిన్నమ్మ చేనికి పైపు గుంజాడు. ఆమె మళ్లీ టమాట పెట్టింది.

మొన్న వెళ్లినప్పుడు మా చేన్లో మరదలితో కలిసి పల్లికాయ తెంపుతున్నాను. చిన్నమ్మ చేను ఒడ్డు మీదకు వచ్చి నిలబడింది. వినయంగా చేతులు కట్టుకుని, తన కంటే ఎంతో చిన్నదైన మా మరదలిని అడిగింది, "మోటరు ఎప్పుడు ఏస్తరమ్మా?"

నేను తల ఎత్తలేదు.