అలలు తీసేసే ఉద్యోగం

అప్పట్లో, అంటే రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజుల్లో, నా ఉద్యోగం సముద్రంలోనూ నా నివాసం చిక్కడపల్లిలోనూ ఉండేవి. ఈ మాట చెబితే కొత్తవాళ్లు గౌరవంగా చూసేవారు, కాబట్టి అడగకపోయినా చెప్పేదాన్ని. నిజానికి అప్పటికి నేను సముద్రం మొహం చూడలేదు. రోజూ పొద్దున్నే నడుచుకుంటూ అశోక్‌నగర్‌లో ఒక పాత ఇంటి మేడ మీదున్న మా ఆఫీసుకు వెళ్లేదాన్ని (కింది వాటాలో పోటీ పరీక్షల పిల్లలు గట్టిగా చదువుతుండేవారు. రాజ్యాంగం సగం నాకు అలాగే వచ్చింది). ఎక్కడో బంగాళాఖాతం నడిమధ్యలో ఓడ మీద నుంచి సముద్రపు అడుగు మట్టిలోకి సన్నటి లోతైన రంధ్రం తవ్వి, తీగకు కట్టిన అయస్కాంత పరికరాన్ని అందులోకి దించేవారు. ఆ మట్టిలోని ఇనుప రేణువులు, తాము అక్కడ పేరుకున్న కాలంలో భూమికి ఉత్తరం ఎటుండేదో గుర్తుపెట్టుకుంటాయి. ఆ కొలతలన్నీ అంకెలై మాకొచ్చేవి. చిక్కల్లా ఒకటే. అలలకు ఓడ లేచి పడుతుంటే తీగ చివరి పరికరం కూడా లేచి పడేది, ఒక లోతులో కొలిచింది ఇంకో లోతు పేరు మీద నమోదయ్యేది. ఓడ ఎప్పుడెంత లేచిందో చూసుకుని, ఆ ఊపును లెక్కలోంచి తీసేయడం నా పని. మా సారు మాత్రం ఒక్క ముక్కలో చెప్పారు. "సముద్రాన్ని తీసెయ్. మట్టి ఒక్కటే మిగలాలె." అలా ఎన్ని వేల అలలను, ఒక్కటీ చూడకుండానే, చెరిపేశానో నాకే తెలియదు.

ఆ ఏడు ఓడ మీదికి మా ఆఫీసు నుంచి ఒకరిని పంపుతామన్నారు. అయితే నేను, లేకపోతే కాకినాడ అన్న. మా సీనియర్‌కు ఆ ఊరిపేరే పేరైపోయింది. ఆయనకు సముద్రం మీద బొత్తిగా మోజు లేదు. "ఏముంటుందమ్మా అక్కడ, నీళ్లే కదా. చిన్నప్పుడు చూసింది చాలు నాకు" అనేవాడు. అలా అనగలిగే మనిషి మీద నాకు ఎంత అసూయగా ఉండేదో చెప్పలేను. నేనైతే ఏప్రిల్ ఎండలో నారాయణగూడ వెళ్లి రెయిన్‌కోటు కొనుక్కొచ్చాను. మా అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఓడల తిండికి ఏం పెడ్తరే?" అంది. మా ఇంట్లో అనుమతి ఇచ్చే పద్ధతి అదే. సారు మాత్రం షరతు పెట్టారు. కొత్తగా వచ్చిన రంధ్రం లెక్క నేనొక్కదాన్నే చేయాలి, సరిగ్గా వస్తే ఓడకు నా పేరే రాస్తారు.

పది రోజులు తల ఎత్తకుండా చేశాను. చివరికొచ్చిన గ్రాఫ్‌ను మళ్లీ మళ్లీ గీసి చూసుకున్నాను. లక్షల ఏళ్లకోసారి గానీ తిరగబడని భూమి ఉత్తర దక్షిణాలు నాలుగు మీటర్ల మట్టిలోనే తొమ్మిదిసార్లు తారుమారయ్యాయి. ప్రపంచంలో ఎవరికీ దొరకనిది నాకు దొరికిందని, ఆఫీసంతటికీ మిర్చి బజ్జీలు పట్టుకెళ్లాను. సారు ఒక బజ్జీ తింటూ గ్రాఫ్‌ను చాలాసేపు చూశారు.

"సముద్రం ఎన్నడన్న చూసినవా అమ్మా?"

"హుస్సేన్‌సాగర్ చూసిన సార్."

ఆయన నవ్వలేదు, అందుకే నాకు భయమేసింది. జరిగింది ఇది. ఓడ లేచిందంటే కింద నీళ్లు పెరిగినట్టు, నీళ్లు పెరిగితే లోతు పెరిగినట్టు అనుకుని, తీసేయాల్సిన ఊపును నేను శ్రద్ధగా కలిపాను. అలలు పోకపోగా రెట్టింపయ్యాయి. ఒక్కసారి జరిగిన తారుమారే పైకీ కిందికీ పోయి తొమ్మిదిసార్లు కనబడింది. కాకినాడ అన్న ఆఫీసు రబ్బరు స్టాంపుకు దారం కట్టి, వేలాడదీసుకుని కుర్చీ ఎక్కాడు. "నేనే ఓడనమ్మా. ఇప్పుడు లేచాను. స్టాంపు పైకొచ్చిందా, కిందికెళ్లిందా?" పైకొచ్చింది. ఓడ మీద ఒక్క గంట నిలబడ్డవాళ్లెవరూ చేయని తప్పు అది. "తెలిసినోడు పోవాలె గదా" అని సారు మెల్లగా అన్నారు, అన్న పేరు రాశారు. తెలియాలంటే వెళ్లాలి కదా సార్, అని నేను అనలేదు. మిగిలిన బజ్జీలు కింది వాటా పిల్లలకిచ్చేశాను.

మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం, నారాయణగూడ చౌరస్తాలో మందుల షాపు ముందు నిలబడి ఉంటే ఫోన్ మోగింది. ఓడలో వారానికి ఐదు నిమిషాలే ఫోన్ ఇస్తారట. ఇంటికి మాట్లాడగా మిగిలిన నిమిషంలో అన్న నాకు చేశాడు. గొంతు నీరసంగా ఉంది. "ఎక్కిన దగ్గర్నుంచీ బకెట్ పక్కనే పడుకున్నానమ్మా. ఇవాళే పైకొచ్చాను. చుట్టూ ఏమీ లేదు, ఒక్క ఒడ్డు లేదు. నువ్వు రావాల్సింది. ఉండు, ఫోన్ బయటికి పెడతాను, విను."

నేను రెండో చెవి మూసుకుని గోడ వైపు తిరిగాను. వెనక బస్సులు, ఆటోల హారన్లు, "కాచిగూడ, కాచిగూడ" అని ఎవరిదో అరుపు. వాటి మధ్య ఏదో గాలి లాంటిది ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది.

"వినపడిందా?"

"వినవడ్డదన్నా" అన్నాను. లైను తెగిపోయింది. షాపాయన నా కళ్లు చూసి, "ఏమైందమ్మా, ఇంట్ల అందరు మంచిగున్నరా?" అని అడిగాడు.

తర్వాత సముద్రం చూశాను. విశాఖలో ఇంటిల్లిపాదితో, మోకాళ్ల దాకా దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని. బాగుంది. ఓడ మాత్రం ఎక్కలేదు, ఇక ఎక్కను కూడా. ఆ చౌరస్తాలో చెవి మూసుకుని నిలబడ్డ అమ్మాయి ఇప్పుడు ఎదురైతే లెక్క తప్పు చేశావని అనను, ఆ మాట అప్పుడే చాలామంది అన్నారు. వినపడిందని అబద్ధం చెప్పకే పిచ్చిదానా, ఇంకొక్క నిమిషం ఫోన్ అట్లనే పట్టుకోమని అన్నను అడుగు, అంటాను.