కాలువ నీళ్లకి సెంటు పూసిన ఘనుణ్ణి

కాలువలో జనం చెప్పులు పారేసుకుంటారు, సెల్‌ఫోన్లు పారేసుకుంటారు. నేను ఒక మేడం గారి పరిశోధననే ముంచేయబోయేనండి, అదీ జేబురుమాలుతో. నవ్వుకోడానికి సర్దుకు కూర్చోండి.

మాది రాజోలు. ఎనిమిదో తరగతి నన్ను వద్దనుకున్నాక ఆటో పట్టేను. ఓ వేసవిలో యూనివర్సిటీ నుంచి సుజాత మేడం గారొచ్చి, కాలువ నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లి పరీక్ష చెయ్యాలని నా ఆటో మాట్లాడుకున్నారు. మందుల్లోంచి, సబ్బుల్లోంచి, ప్లాస్టిక్కుల్లోంచి కాలువల్లోకి దిగి మన ఒంట్లో హార్మోన్లని తికమక పెట్టే రసాయనాలుంటాయట. చిటికెడులో చిటికెడున్నా వాళ్ల ల్యాబ్‌లో మిషను పట్టేస్తుందట. ఇంట్లో పోపు మాడినా కనిపెట్టలేని ముక్కు నాది, నోరెళ్లబెట్టేను.

"బాబూరావు గారూ, సీసా మూతి ముట్టుకోకూడదు. చేతులకి క్రీములు, సెంట్లు వద్దు. ఈ వారంలో కాలువకి నీళ్లు కట్టేస్తారు. ఇప్పుడు పాడైతే మళ్లీ వచ్చే వేసవి దాకా నా పని ఆగిపోతుంది."

"ఆయ్! నాకు చెప్పాలాండి!"

చేతులకి వద్దన్నారు గానీ చంకల మాట ఎత్తలేదు కదండీ! పెద్ద చదువుల మనిషి పక్కన నిలబడాలని పెళ్లికొడుకులా తయారయ్యేను. మిగిలిన సెంటు రుమాలుకి పట్టించేను.

గట్టు మీద నాకు చేతి తొడుగులిచ్చేరు. నేను ముంచి అందిస్తుంటే ఆవిడ ఐసుపెట్టెలో సర్దుతున్నారు. తడి కారే సీసా అతిథి చేతికెలా ఇస్తాం? మంచినీళ్ల గ్లాసైనా తుడిచే ఇస్తాం మేము. ఆవిడ అటు తిరిగినప్పుడల్లా మూతి లోపలా బయటా రుమాలుతో శుభ్రంగా తుడిచేను. ల్యాబ్ నుంచి తెచ్చిన శుద్ధమైన నీళ్ల సీసా ఒకటుంది, తేడా చూసుకోడానికట. మూత తీసి ఓసారి గాలి తగిలించి మూసెయ్యమన్నారు. దాన్నీ తుడిచేను. మర్యాదలో తేడా చూపకూడదు కదా!

రెండ్రోజులు తిరక్కుండానే మేడం గారి ఫోను.

"కాలువ నీళ్లలో సెంట్లలో వాడే రసాయనం బోలెడు దొరికిందండీ."

"అమ్మో! ఎగువనెవరో కలిపేస్తున్నారండి! పేపరోళ్లకి చెప్పేద్దామా?"

"ఆగండి. నేను తెచ్చిన శుద్ధమైన నీళ్లలోనూ అదే ఉంది. అంటే తప్పు కాలువది కాదు, మనది. నేను సెంటు రాసుకోను. మీరు?"

"చంకల్లోనేనండి."

"మరి సీసాల్లోకెలా వెళ్లింది?"

"రుమాలుతో తుడిచేనండి. మర్యాదకి."

అవతల ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలీలేదు. "ఎల్లుండి కాలువ కట్టేస్తున్నారండీ!" అన్నారు చివరికి.

"రేప్పొద్దున్నే వచ్చేయండి మేడం. నన్ను ఉతికి ఆరేసుకుని ఉంటాను."

అన్నట్టే మా ఆవిడ నన్ను సబ్బు లేకుండా కొబ్బరిపీచుతో తోమింది. ఇత్తడి గుండిగలా మెరిసేను. అయినా మేడం నన్ను గట్టు దిగనివ్వలేదు, ఆటోలోనే కూర్చోబెట్టి తనే ముంచుకున్నారు. సీసాలన్నీ తడి కారుతూ వెళ్తుంటే నా ప్రాణం గిలగిల్లాడిపోయింది.

ఈసారి శుద్ధమైన నీళ్లు శుద్ధంగానే ఉన్నాయని కబురొచ్చింది. పరిశోధన గట్టెక్కింది. సంబరంగా మా ఆవిడకి చెప్పేను. తను గరిటె ఆపింది.

"అయితే మగాడి రుమాలుకి ఏ సెంటు అంటిందో కూడా చెప్పేస్తుందా ఆ మిషను?"

"ఆయ్, ఇట్టే!"

"ఎంతవుద్దో కనుక్కోండి. మనింట్లో ఒకటి పెట్టుకుందాం."

ఆ క్షణమే గోదారి వైపు తిరిగి ప్రతిజ్ఞ చేసేనండి: ఈ ఒంటికి ఇక సెంటు తగలనివ్వను, పరాయి సీసా మూతి తుడవను, మేడం గారి ఫోన్ నెంబరు మా ఆవిడకి చచ్చినా ఇవ్వను.